గేట్ల దిక్కు వదిలిన చేపలు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి సంవత్సరం, జూన్ నెలాఖరులో నేను గద్వాలలో బస్సు దిగాను. చేతిలో ఒక సూట్‌కేసు, పాత లాప్‌టాప్, ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ సర్టిఫికెట్ ఉన్న ఫైలు. మాది నాగర్‌కర్నూల్ దగ్గర బిజినేపల్లి. మెట్ట సేద్యం చేసుకునే ఇల్లు. చెరువు నిండిన ఏడు తప్ప చేపను బతికుండగా చూసినదాన్ని కాదు. అలాంటి నాకు దొరికిన మొదటి ఉద్యోగం, జూరాల జలాశయంలో చేపలు ఏ మేరకు బతుకుతున్నాయో అంచనా కట్టే ఒక చిన్న ప్రాజెక్టులో గణాంక సహాయకురాలి పని.

ఇంటికి ఫోన్ చేసి చెప్తే మా నాయన "నీళ్లల్ల ఉన్నయి ఎట్ల లెక్కవెడ్తరు బిడ్డా?" అని అడిగాడు. నేను నవ్వి, "దానికో పద్ధతుంది నాయనా" అన్నాను.

పద్ధతి చెప్పడానికి తేలికే. కొన్ని చేపల్ని పట్టి, ట్యాగ్ వేసి, అదే నీళ్లలో వదులుతాం. ట్యాగ్ అంటే అగ్గిపుల్ల కంటే కొంచెం పొడుగున్న పసుపుపచ్చ ప్లాస్టిక్ పుల్ల. దాని మీద ఒక నంబరు ఉంటుంది. బట్టల దుకాణంలో ధర చీటీ గుచ్చే పరికరం లాంటిదే ఒకటి ఉంటుంది, ట్యాగ్ గన్ అంటారు. దానితో వీపు రెక్క కింద కండలోకి గుచ్చుతాం. ఆ తర్వాత నెలనెలా వలలు వేసి, పడ్డవాటిలో ఏ ఏ నంబర్లు ఉన్నాయో రాసుకుంటాం. ఒక నెల కనబడని నంబరు మరుసటి నెల కనబడిందంటే, అది బతికే ఉండి వల తప్పించుకుందని అర్థం. ఇలా కనబడినవీ కనబడనివీ పోగేసి, బతికిన పాలు ఎంత, వలకు చిక్కే అవకాశం ఎంత అని విడదీసి చెప్పే లెక్కనే మోడల్ అంటాం. ఒకే డేటాకు చాలా మోడళ్లు రాయవచ్చు. వాటిలో ఏది నమ్మదగిందో పరీక్షించి చెప్పడం నా పని.

ఆఫీసు అంటే గద్వాలలో అద్దెకు తీసుకున్న రెండు గదులు. ఒక గదిలో నేనూ, కంప్యూటరూ. రెండో గదిలో మా ప్రాజెక్టు అధికారి రాఘవరావు గారు, వలల మూటలు, ట్యాగ్ తెచ్చిచ్చిన వాళ్లకు బహుమతిగా ఇవ్వడానికి కొన్న స్టీలు గిన్నెల దొంతర. పొద్దున్నే జీపు ఎక్కితే జూరాల. ఎండ ముదిరేలోపు నీళ్ల మీద పని ముగించాలి.

ట్యాగ్ వేసేవాళ్లు ముగ్గురు. ఇద్దరు డిప్లొమా చదివినవాళ్లు. మూడో మనిషి బాలస్వామి. యాభై దాటినవాడు, జలాశయం ఒడ్డు ఊరివాడు, పొట్టిగా, ఎండకు నల్లబడి, భుజాలు మాత్రం బండల్లా ఉండేవి. రోజు కూలి మీద పెట్టుకున్నారు. తల్లి వైపు వాళ్లది రాయచూరు దిక్కు కావడంతో మాటల్లో కన్నడం దొర్లేది. చేపకు ట్యాగ్ వేసి నీళ్లలో వదిలేటప్పుడు ప్రతిసారీ "హోగు, హోగు" అనేవాడు. పో, పో అని. వందలకొద్దీ చేపల్ని వదలడం చూశాను. ఒక్కదాన్నీ ఆ మాట చెప్పకుండా వదల్లేదు.

నేను ఆయన్ను కాకా అని పిలిచేదాన్ని. మేడం అని మొదలుపెట్టిన మనిషి వారంలోనే బిడ్డా అనడం మొదలుపెట్టాడు.

మొదటిసారి ఆయన పుట్టి ఎక్కిన రోజు ఇప్పటికీ గుర్తుంది. పుట్టి అంటే పెద్ద బుట్టలా గుండ్రంగా ఉండే పడవ. కాలు పెట్టగానే గిర్రున తిరిగింది. రెండు చేతులా అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాను.

"బిడ్డా, నీళ్ల దిక్కు చూడకు. ఒడ్డు దిక్కు చూడు. తల తిరగది," అన్నాడు తెడ్డు వేస్తూ. ఆ తర్వాత కూడా నీళ్ల మీద ఎటు పోతున్నామో నేను పట్టించుకోలేదు.

ట్యాగ్ వేయడం నాకు నేర్పింది ఆయనే. నా పనికి అది అవసరం లేదు. కానీ లెక్క రాసే చేప ఎట్లుంటదో చేతికి తెలియాలని పట్టుబట్టాడు. తడి గోనెపట్టా మీద చేపను పడుకోబెట్టి, తడి గుడ్డతో కళ్లు మూసేవాడు. "కండ్లు మూస్తే దానికి భయం పోతది. గమ్మున పంటది." గుచ్చిన తర్వాత ట్యాగ్ చివర రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగి చూసేవాడు. "జర గుంజి చూడాలె. మన చేతికి రానిది నీళ్లకు రాదు." ఆయన ఒక్క చేపకు వేసేలోపు మిగతా ఇద్దరూ మూడింటికి వేసేవారు. ఆయన మాత్రం తొందర పడేవాడు కాదు.

పని అయిపోయాక ఒడ్డున బండల మీద కూర్చుని తినేవాళ్లం. వాళ్ల ఇంటావిడ ఈశ్వరమ్మ చిన్నమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు, చింతపండు పులుసులో ఉడికిన రవ్వచేప. నా డబ్బాలో అన్నం, పప్పు చూసి ఆయన నవ్వి, సగం రొట్టె తుంచి నా మూతలో వేసేవాడు. ఇప్పుడు హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని తింటున్నప్పుడు ఎవరి డబ్బాలోనో చేపల పులుసు వాసన వస్తే, నా ముందు ఆ నీళ్లే కనిపిస్తాయి. ఉద్యోగంలో తర్వాత ఎన్నో చోట్ల పని చేశాను. అంత ఆకలిగా ఎక్కడా తినలేదు.

శ్రావణంలో పైనుంచి వరద వచ్చింది. గేట్లు లేపారు. ఆ హోరు ఊళ్ల దాకా వినిపించేది. ఆదివారమైతే గద్వాల, వనపర్తి జనం ఆటోల్లో, ట్రాక్టర్లలో చూడవచ్చి, వేడివేడి చేప వేపుడు తిని పోయేవారు. మేమూ వెళ్లాం. నురగలు కక్కుతూ కిందికి దూకుతున్న నీళ్లను చూస్తూ నేను మిరపకాయ బజ్జీలు తిన్నాను. ఆ నీళ్లతో పాటు నా డేటా కూడా పోతోందని నాకు తట్టలేదు.

వరద తగ్గాక నెలనెలా వలలు వేశాం. జనవరి నెల వలలు కూడా అయ్యాక లెక్కకు కూర్చున్నాను. మూడు మోడళ్లు రాశాను. చేపలన్నీ ఒకేలా బతుకుతాయనుకున్నది మొదటిది. చేప సైజును బట్టి తేడా ఉంటుందనుకున్నది రెండోది. మూడోది దాదాపు సరదాకే రాశాను. షీట్లో ట్యాగ్ వేసిన వాళ్ల పేర్లకు ఒక కాలమ్ ఉంది కదా అని, ట్యాగ్ వేసిన మనిషిని బట్టి తేడా ఉంటుందేమోనని.

మూడోది మిగతా రెండింటినీ చిత్తుగా ఓడించింది. మోడళ్లను పోల్చడానికి మేం వాడే కొలతలన్నీ దాన్నే చూపించాయి. ఇద్దరు వేసిన చేపలు బాగానే బతికాయి. బాలస్వామి వేసినవి మాత్రం దాదాపు మాయమైపోయాయి.

గణాంకాల మనిషికి ఒక మోడల్ అంత తేడాతో గెలవడం పండగ లాంటిది. ఆ గ్రాఫులో కాకా పేరు ఉందన్న సంగతి ఒక పక్క గుచ్చుకుంటూనే ఉంది. అయినా గ్రాఫుకు రంగులు వేశాను. రిపోర్టులో ఒక వాక్యం రాశాను: "ట్యాగ్ వేసిన వ్యక్తి ప్రభావం చేపల మనుగడపై స్పష్టంగా కనిపిస్తోంది."

రాఘవరావు గారు రిపోర్టు రెండుసార్లు చదివి కళ్లజోడు తీశారు. చెడ్డ మనిషి కాదు. రిటైర్మెంటుకు దగ్గర పడినవారు, ఎవరినీ ఏకవచనంతో పిలవరు.

"అంటే ఈయన చేపల్ని పట్టుకోవడం సరిగా లేక అవి చచ్చిపోయుండాలి. లేదా ట్యాగులు వెయ్యకుండానే నంబర్లు రాసుండాలి. అంతేనా అమ్మా?"

"డేటా అట్లనే చెప్తోంది సార్," అన్నాను.

వేరే కారణం ఉండొచ్చని నేను అనలేదు. నాకు తోచలేదు. తోచే దాకా ఆగుదామని కూడా అనుకోలేదు.

మూడు రోజుల తర్వాత మత్స్యకారుల సంఘం షెడ్డులో మీటింగు పెట్టారు. చేప బతకడం లేదని రిపోర్టు పైకి పోతే వచ్చే ఏడు ప్రభుత్వం ఆ నీళ్లలో చేపపిల్లలు వదలదేమోనని సంఘం వాళ్ల భయం. నలభై మంది దాకా చాపల మీద కూర్చున్నారు. రాఘవరావు గారు మెత్తగానే చెప్పారు, ఒక మనిషి పనిలో తేడా వచ్చిందని. కానీ ఆ మనిషి ఎవరో అందరికీ తెలిసిపోయింది. వెనక నుంచి ఒకాయన లేచాడు.

"బాలస్వామీ, ట్యాగులు ఏట్లె పారేసి లెక్క రాసినవా? నీ మూలంగ మా నీళ్లకు చెడ్డపేరొస్తది గద!"

బాలస్వామి నా వైపు చూశాడు. నేను ఫైలు వైపు చూశాను.

"ఏసిన," అన్నాడు. "ప్రతి చేపకు ఏసిన. నా చేతితోని ఏసిన."

బయట కుండలో నీళ్లు ముంచి, చేతిలో ఉన్న ట్యాగ్ గన్‌ను కడిగి, తువ్వాలతో తుడిచి, తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మరునాటి నుంచి పనికి రావద్దని చెప్పడానికి ఎవరూ కబురు పంపాల్సిన పని రాలేదు.

రెండు వారాలు గడిచాయి. జూరాలకు వెళ్లినా ఒడ్డున తినడం మానేసి జీపులోనే తినేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం ఈశ్వరమ్మ చిన్నమ్మ ఆఫీసుకు వచ్చింది. నా స్టీలు డబ్బా మూత ఒకటి వాళ్ల ఇంట్లో ఉండిపోయిందట. కొంగులోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"కూసో చిన్నమ్మా," అన్నాను. కుర్చీ ముందుకు జరిపాను.

కూర్చుంది. కంప్యూటరు వైపు చూసింది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. తిట్టలేదు.

"ఒకటడుగుత బిడ్డా. చేప సచ్చిందని మీకు ఎట్ల ఎరుకయితది? సచ్చిన చేపలు చూసిండ్రా?"

"లేదు చిన్నమ్మా. వలలో మళ్ల పడలే. అందుకని..."

"పడకుంటే సచ్చినట్టేనా?"

ఆమే చెప్పింది. "మా పెద్దపిల్ల, అల్లుడు బొంబాయి దిక్కు పనికి పోయిండ్రు. ఆ మద్దెల ఎవరో సర్వేకు వచ్చిండ్రు. ఇంట్ల లేరని రేషన్ కార్డుల రెండు పేర్లు కొట్టేసిండ్రు. మేం పోయి ఎంత చెప్పినా, కనవడలేదు గద అంటరు. నా పిల్ల ఆడ బతికే ఉన్నది. ఫోన్ల రోజూ మాట్లాడ్తది." మూతను నా వైపు జరిపింది. "మా ఇంటాయన ఇంట్ల ఒక్కమాట మాట్లాడ్తలేడు. అన్నం కాడ కూసోని చేతులు చూసుకుంటడు. అందుకే అడిగిన. నాకేం చదువున్నది, మీకే ఎరుక."

నీళ్లు తాగి వెళ్లిపోయింది.

ఈ విషయం నాకు తెలియనిది కాదు. ఎమ్మెస్సీలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. ఇలాంటి మోడల్ అంచనా కట్టేదాన్ని అప్పారెంట్ సర్వైవల్ అంటారు. పైకి కనిపించే మనుగడ అన్నమాట. చేప చనిపోయినా, ఆ నీళ్లు వదిలి శాశ్వతంగా వెళ్లిపోయినా ఈ లెక్కకు రెండూ ఒకటే. పుస్తకంలో మొదటి అధ్యాయంలోనే ఉంటుంది. ఉద్యోగంలో చేరి మొదటిసారి ఒక మనిషి పేరు పక్కన రాయాల్సి వచ్చినప్పుడు మాత్రం అది నాకు గుర్తు రాలేదు.

బీరువాలోంచి అసలు షీట్లు తీశాను. కంప్యూటరులోకి ఎక్కించినవి కాదు, పుట్టిలో కూర్చుని పెన్సిలుతో రాసినవి. నీటి మరకలు, అక్కడక్కడ పొలుసులు అంటుకుని ఉన్నాయి. బాలస్వామి రాసిన ప్రతి వరుస చివర ఒక చిన్న "గే" ఉంది. ఇంతకుముందు చూసినప్పుడు అదేదో ఆయన పొడి సంతకం అనుకున్నాను. ఎక్కించేటప్పుడు దానికి కాలమ్ లేదని వదిలేశాం.

పక్క గదిలో వల సర్దుతున్న డిప్లొమా ఆయన్ను పిలిచి అడిగాను.

"గే అంటే గేట్లు మేడం. గేట్ల దిక్కు పట్టి, గేట్ల దిక్కే వదిలినవి," అన్నాడు.

"మరి మీ షీట్లల్ల లేదే?"

అతను తల గోక్కున్నాడు. "మేం అటు పోలే మేడం. ఆడ లోతు ఎక్కువ, గుంజుడు ఎక్కువ. పుట్టి నిలవదు. ఆయనొక్కడే పోయెటోడు. మేమిద్దరం ఊరి దిక్కు ఏసినం."

అప్పుడు అర్థమైంది. గేట్ల వైపు ట్యాగ్ వేసింది ఆయనొక్కడే. ఆయన వేసిందీ గేట్ల వైపే. మనిషి, చోటు రెండూ విడదీయరాకుండా అతుక్కుపోయాయి. మా భాషలో దీన్ని కన్‌ఫౌండింగ్ అంటారు. ఆ మోడల్ చోటు తేడాను పట్టుకుంది. చోటు అనే కాలమ్ నేను ఇవ్వలేదు కాబట్టి ఆ తేడా అంతా మనిషి పేరు మీద వేసింది. ఎన్ని మోడళ్లు రాసినా ఈ డేటాతో ఆ ముడి విప్పలేను. ఆ చేపలు వరదలో గేట్లు దాటి వెళ్లాయా అన్నది తెలియాలంటే కిందికి పోయి చూడాల్సిందే.

రెండు రోజులు సెలవు పెట్టి, ట్యాగ్ నంబర్ల జాబితా సంచిలో పెట్టుకుని బస్సు ఎక్కాను. మొదట బీచుపల్లి దగ్గర దిగాను. వంతెన కింద వలలు ఆరబెట్టుకుంటున్న వాళ్లకు ఒక ట్యాగ్ చూపించాను. ఎవరూ చూడలేదన్నారు. పెబ్బేరులో చూడలేదన్నారు. వనపర్తి మార్కెట్లో చేపలు కోసే ఒకావిడ ట్యాగ్ చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "గిసొంటి పుల్లున్న బొచ్చె ఒకటి వచ్చింది మొన్న. కొల్లాపూర్ సరుకు," అంది. కొల్లాపూర్ వెళ్లేసరికి సాయంత్రమైంది. ఆ పూటకు ఒక దూరపు బంధువుల ఇంట్లో ఉండి, పొద్దున్నే ఆటో మాట్లాడుకుని సోమశిల చేరాను.

జూరాల దాటిన నీళ్లు చేరే శ్రీశైలం జలాశయపు వెనక నీళ్లు తగ్గుతున్న కాలం. తడి మట్టి ఒడ్డున తాటాకు గుడిసెలు, కర్రల మీద ఆరేసిన వలలు. ఒక గుడిసె ముందు ఒకావిడ కూర్చుని వల చిరుగు కుడుతోంది. పేరు మణెమ్మ. నేను ట్యాగ్ చూపించగానే ఆమె తలెత్తకుండానే పక్కనున్న వలను చూపించింది.

"అగో, ఉన్నయ్ గద."

వల పైతాడు పొడుగునా, తేలడానికి కట్టిన బెండ్ల పక్కన పసుపుపచ్చ పుల్లలు కట్టి ఉన్నాయి. మా ట్యాగులు.

"ఏటిల అందరి వలలు ఒక్క తీరుగుంటయ్. దూరంకెళ్లి చూస్తే నా వల నాకు తెల్వాలని కట్టుకున్న. మంచిగ కనవడ్తయ్," అంది. నేను ఏదో జప్తు చేయడానికి వచ్చాననుకుని వెంటనే, "మీవైతే తీస్కపోండ్రి" అని కూడా అంది.

"ఏ చేపలకున్నయ్ ఇవి?"

"బొచ్చెలకు, రవ్వలకు. వరద తగ్గినకాడికెళ్లి పడ్తనే ఉన్నయ్. కిలోన్నర, రొండు కిలోలు. పుల్ల పీకి చూసిన, రాలే. కత్తితోని కోసి తీసిన. ఎవలు గుచ్చిండ్రో గని గట్టిగ గుచ్చిండు."

మట్టిలోనే కూర్చుని, సంచిలోంచి జాబితా తీసి, వల తాడు పట్టుకుని ఒక్కో నంబరు చదవడం మొదలుపెట్టాను. మొదటి నంబరు, జాబితాలో వరుస చివర గే. రెండోది, గే. మూడోది, గే. పదిహేడు ట్యాగులున్నాయి. పదిహేడూ ఆయనవే. చివరివి చదివేటప్పుడు కళ్లు మసకబారి మణెమ్మను సాయం అడిగాను. ఆమెకు చదువు రాదు. కానీ ఏమనుకుందో, వల పక్కన పెట్టి లోపలికి వెళ్లి ఒక గ్లాసు టీ తెచ్చిచ్చింది.

"ఏమైంది తల్లీ? ఎవలన్న పోయిండ్రా?"

"లేదక్కా. ఎవరూ పోలే," అన్నాను.

ఇన్ని నెలలుగా ఆ ట్యాగులు మాకెందుకు చేరలేదో అప్పుడు తెలిసింది. ట్యాగు మీద నంబరు తప్ప ఇంకేమీ లేదు. తెచ్చిస్తే స్టీలు గిన్నె ఇస్తామన్న పోస్టర్లు మేం జలాశయం చుట్టూ ఉన్న ఊళ్లలోనే అంటించాం. నది అక్కడితో ఆగిపోతుందన్నట్టు. మణెమ్మ వల పాడు చేయడం ఇష్టం లేక అన్నింటినీ ఫోటో తీసుకుని, ఆమె ఇచ్చిన నాలుగు మాత్రం తెచ్చుకున్నాను.

బాలస్వామి ఒక ఆసామి మిరప కల్లంలో పని చేస్తున్నాడని తెలిసి నేరుగా అక్కడికి వెళ్లాను. ఎర్రటి కాయల మధ్య తలగుడ్డ చుట్టుకుని కాళ్లతో మిరపకాయలు తిరగేస్తున్నాడు. నన్ను చూసి పక్కకు వచ్చాడు. నాలుగు ట్యాగులు ఆయన అరచేతిలో పెట్టి, ఎక్కడ దొరికాయో చెప్పాను.

ఆయన వాటిని వెలుగులోకి పట్టుకుని చూశాడు. మొదట అడిగింది తన సంగతి కాదు.

"సోమశిల దాక పోయినయా! ఎంతెంత అయినయంట?"

"కిలోన్నర, రెండు కిలోలు కాకా."

"మంచిగ పెరిగినయ్," అన్నాడు. ముఖం ఒక్క క్షణం విప్పారింది.

"తప్పు నాదే కాకా. మీరు గేట్ల దిక్కని రాసిండ్రు. నేను చూడలే. సార్‌తో మాట్లాడ్త. మళ్ల పనికి రండి."

ఆయన చేతులు తుడుచుకున్నాడు. "పనిదేముంది బిడ్డా, యాడ చేసినా పనే. ఆ మాట నలుగుర్ల అన్నరు. నా ఎనక ఇద్దరు పిల్లలున్నరు, చుట్టాలున్నరు. నలుగుర్లనే తియ్యాలె. గంతే."

రాఘవరావు గారి ముందు ఫోటోలు, షీట్లు పరిచాను. ఆయన ఒక్కో నంబరు తనే సరిచూసుకున్నారు. చివరికి, "రిపోర్టు మీద నా సంతకం కూడా ఉందమ్మా," అన్నారు. "మీటింగు పెట్టండి. నేనూ వస్తాను."

అదే షెడ్డు, అవే చాపలు. బాలస్వామి అందరికంటే వెనక, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఈశ్వరమ్మ చిన్నమ్మ లోపలికి రాకుండా గుమ్మం దగ్గర నిలబడింది. సవరించిన రిపోర్టు నా చేతిలో ఉంది, చదవడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలు చదివేసరికి ఎవరికీ ఏమీ అర్థం కావడం లేదని తెలిసింది. కాగితం మడిచి పక్కన పెట్టాను. మా ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడాను.

"బాలస్వామి కాక ప్రతి చేపకు ట్యాగ్ ఏసిండు. గేట్లకాడ ఏసిండు, మిగతోళ్లు పోలేని కాడ. గేట్లు లేపినప్పుడు ఆ చేపలు కిందికి పోయినయ్. సోమశిలల దొరికినయ్, నేను చూసిన. అవి సచ్చినయని, ఆయన తప్పు చేసిండని నేను రాసిన. నేను రాసింది తప్పు. అందరి ముందర ఒప్పుకుంటున్న."

ఆరోజు లేచి అడిగినాయనే మళ్లీ లేచాడు. నా మీద అరుస్తాడనుకున్నాను. ఆయన వెనక్కు తిరిగాడు.

"బాలస్వామీ, ఆనాడు నేనన్న మాట మనసుల పెట్టుకోకు."

"పెట్టుకోలే," అన్నాడు బాలస్వామి. పెట్టుకున్నాడని అందరికీ తెలుసు. అయినా లేచి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు.

ఆ తర్వాత ప్రాజెక్టు నడిచిన రెండేళ్లూ బాలస్వామి మాతోనే పని చేశాడు. పద్ధతి మార్చాం. ముగ్గురూ రెండు వైపులా ట్యాగులు వేసేలా వంతులు పెట్టాం. డిప్లొమా వాళ్లిద్దరికీ గేట్ల వైపు పుట్టి నిలపడం ఆయనే నేర్పాడు. మొదటి వారం వాళ్లు భయంతో అరిచిన అరుపులకు ఒడ్డున ఉన్న మేమంతా కడుపు పట్టుకుని నవ్వాం. పోస్టర్లు సోమశిల దాకా అంటించాం. మణెమ్మకు ఆరు గిన్నెలు వచ్చాయి. కింద దొరికిన ట్యాగుల్ని కూడా కలుపుకునే మోడల్ రాశాను. ఎవరు వేసినా, గేట్ల వైపు వదిలినవే జలాశయంలో తక్కువ దొరికాయి. బాలస్వామి ఊరి వైపు వేసినవి ఎవరి చేపలకూ తీసిపోలేదు. మళ్లీ మామూలుగానే ఒడ్డున బండల మీద కూర్చుని తిన్నాం. రొట్టె తుంచి నా మూతలో వేయడం ఆయన మానలేదు. ఆ రెండేళ్లూ నా ఉద్యోగ జీవితంలోకెల్లా మంచి రోజులని అప్పుడు నాకు తెలియదు.

ఇప్పుడు నేను వేరే వాళ్లు రాసిన మోడళ్లను పరీక్షిస్తాను. చేపలే కాదు, పంటలు, పశువులు, ఒక్కోసారి మనుషులు. నా బల్ల మీదికి వచ్చేసరికి అవన్నీ అంకెలే. నా కింద కొత్తగా చేరినవాళ్లు ఏ మోడల్ గెలిచిందో గ్రాఫుకు రంగులు వేసి చూపిస్తారు. వాళ్లను నేను తిట్టలేను. ఆ సంతోషం నాకు తెలుసు. కానీ ఏదైనా తప్పు ఒక మనిషి పేరు కిందికి వచ్చి చేరితే మాత్రం పెన్ను పక్కన పెట్టి, ఎక్కడ ఉన్నా ఆ మనిషి నంబరు కనుక్కుని నేనే ఫోన్ చేస్తాను.

ఆఫీసు నుంచి అనగానే అవతలి గొంతులో భయం వినిపిస్తుంది.

"ఏంది మేడం, ఏమన్న తప్పయిందా?"

"లేదన్నా," అంటాను. "నాకు తెల్వక అడుగుతున్న. ఆరోజు మీరు ఏ దిక్కు ఉన్నరు, ఏం చేసిండ్రు, జర నిమ్మళంగ చెప్పండి. నేను రాసుకుంట."